నీలం కాగితం కింద

ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్లకు రెండో తరగతి సగం గడిచినా చదవడం అబ్బలేదు. అక్షరాలు కదులుతున్నాయంటుంది. గుండీలు కుట్టే పనికి వెళ్ళే తల్లి ఏడో తరగతిలోనే బడి మానేసిన మనిషి. తన గతే బిడ్డకూ పడుతుందేమోనని ఆమె గుబులు.

బళ్ళో టీచరమ్మ ఒక కొత్త పద్ధతి తెచ్చింది. అక్షరాలు కదలకుండా, పేజీ మీద అవతలిది కనబడే నీలం ప్లాస్టిక్ కాగితం పరిచి చదివించడం.

"ఈ కాగితం క్లాసులో చేరిస్తే అక్షరాలు పలికించే క్లాసు మానాలమ్మా. రెండూ ఒకే వేళ. రేపు చెప్పండి," అంది.

తల్లి పిల్లను తీసుకుని కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"కళ్ళు బాగున్నాయి. రంగు కాగితంతో చదువొస్తుందని రుజువు లేదమ్మా."

"పోనీ, రాదని రుజువుందా అండీ?"

డాక్టరమ్మ నవ్వింది. "చాలామంది పిల్లలతో చదివించి చూశారు, పెద్ద తేడా తేలలేదు. అలాగని మీ పిల్లకి పనికిరాదని ఒట్టేసి చెప్పలేను."

"చదువు బుర్రకెక్కాలి గానీ కాగితంలోంచి కారుతుందా?" అని ఇంట్లో వదిన ఎకసెక్కం.

సరే, తనే తేల్చుకుందామనుకుంది తల్లి. బడి నుంచి తెచ్చిన కాగితం ముక్క పక్కన పెట్టి, ముందు ఉత్త పేజీ చదివించింది. పిచ్చుక తడబడింది. అదే పేజీ మీద కాగితం పరిచింది. గడగడా చదివేసింది! తల్లికి కళ్ళు చెమర్చాయి.

"ఓసి పిచ్చిదానా, రెండోసారి చదివితే నాకైనా వస్తుంది," అంది వదిన.

నిజమే కదా! ఇంకో పేజీకి ముందు కాగితం పరిచి, తర్వాత తీసేసింది. ఈసారి ఉత్త పేజీయే గెలిచింది. గెలిచింది కాగితమా, రెండోసారా? ఆమె బుర్ర గిర్రున తిరిగింది.

"ఒసేయ్ పిచ్చుకా, నువ్వే చెప్పు, ఏది బాగుంది?"

"నీలందే అమ్మా. దాని కింద తప్పు చదివితే ఎవరికీ కనబడదుగా."

బిడ్డకు అక్షరాలు నిజంగా కదులుతున్నాయా, తప్పు చదువుతానన్న భయమా అనుకుంది తల్లి.

పొద్దున్నే బడికి వెళ్ళింది.

"పలికించే క్లాసే ఉంచండి టీచర్. ఆ కాగితం మాత్రం పిల్ల దగ్గరే ఉండనివ్వండి."

"అంటే మీకు నమ్మకం ఉన్నట్టా, లేనట్టా?"

"ఏమోనండీ," అంది ఆమె. "చదువొస్తుందో లేదో నాకేం తెలుసు, దాని కింద పిల్లకి భయం మాత్రం వేయదు."