క్రీస్తుదాసు పెట్టె

జక్రయ్యకి చూపు ఒక్కసారిగా పోలేదు. ముందు పక్కల నుంచి ముసురుకుంటూ వచ్చింది. చెక్క చెక్కే బాడిస ఎత్తితే ఎదుట ఉన్న దుంగ కనిపించేది గానీ, దుంగ పక్కనే పెట్టిన సుత్తి కనిపించేది కాదు. నా సుత్తి ఎవరు తీశారని భార్య రెబ్కా మీద విసుక్కునేవాడు. చివరికి గుంటూరు తీసుకెళ్తే కళ్ళ డాక్టరు నీటికాసుల జబ్బన్నాడు. ఆలస్యంగా వచ్చారనీ, పోయిన చూపు తిరిగి రాదనీ చెప్పాడు. ఎనభై మూడులో పత్తితీతలు ముగిసేసరికి ఆ మిగిలిన కాస్త వెలుతురు కూడా ఆరిపోయింది. అప్పటికి జక్రయ్యకి నలభై నిండలేదు.

వాళ్ళది పొదిలి రోడ్డు మీద ఒక పాలెం. జక్రయ్య చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండి వడ్రంగం నేర్చుకున్నాడు. పక్కింటి క్రీస్తుదాసు అతనికంటే పెద్దవాడు, అదే హాస్టల్లో అదే పని ముందుగా నేర్చినవాడు. పాలెంలో గుమ్మాలూ మంచాలూ, చర్చిలో బెంచీలూ ఇద్దరూ కలిసి చేసినవే. ఎవరైనా పోతే శవాన్ని పెట్టే పెట్టె కూడా వాళ్ళే చేసేవాళ్ళు.

చూపు పోయాక జక్రయ్య కొన్నాళ్ళు అరుగు మీద ఊరికే కూచున్నాడు. తరవాత ఊరుకోలేక మళ్ళీ పనిముట్లు ముట్టాడు. పెన్సిలు గీత వేలికి తగలదు. అందుకని కత్తిమొనతో గీసేవాడు. ఆ గాడిలో బొటనవేలి గోరు నిలిచేది, గోటికి ఆనించి రంపం పెట్టేవాడు. టేకు బద్ద ఒకటి తీసుకుని అంగుళానికో గాటు, అడుగుకో లోతైన గాటు క్రీస్తుదాసు చేత పెట్టించుకున్నాడు. అదే అతని కొలబద్ద. మొదట చేసిన పీట ఒక కాలు ఎగరేసింది. రెండోది నేల మీద సరిగ్గానే కూచుంది. మూడోదానికి బెజ్జం తొలుస్తుండగా చెక్క జారి, ఉలి ఎడమ అరచేతిలో దిగింది.

కట్టు కట్టించి ఇంటికి తెచ్చాక రెబ్కా ఒకటే మాట అంది. "కళ్ళు ఎట్టాగూ పోయినయ్. చేతులన్నా ఉంచుకో."

ఆ సాయంత్రమే పనిముట్ల సంచి తీసుకెళ్ళి క్రీస్తుదాసు ఇంట్లో పెట్టి వచ్చింది. క్రీస్తుదాసు వచ్చి, "నేనేం చేసేదిరా? ఆ అమ్మాయి ఏడుస్తా తెచ్చి పెట్టింది. నా కాడ ఉంటే ఏం పాడవ్వవులే" అన్నాడు. జక్రయ్యకి ఆ మాట గుచ్చుకుంది. నీ చేతులు పనికి రావని అతను కూడా ఒప్పుకున్నట్టే అనిపించింది. ఆ తరవాత పక్కిల్లే అయినా ఆ గడప తొక్కలేదు. నులకమంచాలు అల్లటం మొదలుపెట్టాడు. కళ్ళు లేకపోయినా ఎంత బాగా అల్లుతున్నాడో అని పాలెం వాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. వినీ విననట్టు ఊరుకునేవాడు.

మరుసటి ఏడు ఎండాకాలంలో ఒక పొద్దున, వేపపుల్ల నములుతూ అరుగు మీద కూచున్న క్రీస్తుదాసు కూచున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. అతని భార్య వీరమ్మ కేక విని జక్రయ్య గోడ తడుముకుంటూ వెళ్ళాడు. అతను వెళ్ళేసరికే అయిపోయింది.

జనం చేరారు. ఎండ మండిపోతోంది కాబట్టి సాయంత్రం లోపే సమాధి చేయాలన్నారు పాస్టరుగారు. పొదిలి వెళ్ళి పెట్టె చేయించుకు రావటానికి వేళ లేదు. పొద్దుటి బస్సు వెళ్ళిపోయింది.

"చాపలో చుట్టి పెడదాం. మన పెద్దోళ్ళను అట్టా పెట్టలేదా ఏంది?" అన్నాడు బుల్లయ్య. పాలెంలో నలుగురూ మాట వినే పెద్దమనిషి అతను.

"ఇక్కడ పోయినోళ్ళందరికీ ఆయనే పెట్టె చేశాడు. ఆయన్ని చాపలో పెడతారా?" అంది వీరమ్మ.

 ఆడవాళ్ళ ఏడుపు కాస్త తగ్గింది.

"నేను చేస్తా వదినా," అన్నాడు జక్రయ్య.

అనేశాక రెబ్కా గొంతు కోసం ఆగాడు. ఆమె తన కుడిపక్కనే నిలబడి ఉందని తెలుసు.  గాజుల చప్పుడు అతన్ని దాటుకుని వీరమ్మ ఇంట్లోకి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు గాజులతో పాటు సంచిలో ఇనుము ఒరుసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆమె సంచిని అతని చేతికి ఇచ్చింది.

జక్రయ్య కింద కూచుని ఒక్కొక్కటే బయటికి తీశాడు. ఉలి అంచు మీద బొటనవేలు అడ్డంగా రాశాడు. కొత్తగా సానబట్టి ఉంది. రంపం పళ్ళు ఆకురాయితో రాసి ఉన్నాయి. అన్నిటికీ నూనె పట్టించి ఉంది. ఏడాదిగా ఎవరూ వాడని పనిముట్లకి ఎవరు ఎందుకు సానబడతారు? క్రీస్తుదాసు తనని పిలిచి ఇద్దామనే అనుకుని ఉంటాడు. తను ఒక్కసారి గడప తొక్కి ఉంటే సరిపోయేది. అతను ఉలిని కాసేపు ఒళ్ళో పెట్టుకుని, లేచాడు.

"ముందు అన్నని కొలవాలి. నన్ను మంచం కాడికి తీసుకుపో," అన్నాడు రెబ్కాతో.

తల నుంచి మడమల దాకా చేతులతో తడుముతూ కొలిచాడు. భుజాలు కొలిచాడు. చేతులు కట్టి ఉంచిన చోట మోచేతుల వెడల్పు కొలిచాడు. భుజాల దగ్గర ఎముకలు చేతికి తగిలాయి. మనిషి బాగా చిక్కిపోయాడు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

తలుపు చేసుకుందామని క్రీస్తుదాసు కోయించి పెట్టుకున్న వేపచెక్కలు ఇంటి వెనక ఉన్నాయి. మగవాళ్ళు వాటిని నీడలోకి మోసుకొచ్చారు. జక్రయ్య కత్తితో గీసి, ఆ గీత వెంబడే ఒక బద్దను మేకులతో బిగించాడు. ఆ బద్దకి ఆనించి లాగితే రంపం తప్పుకోవటానికి వీలుండదు. ఎడమచెయ్యి బద్దకి అవతల ఉంచాడు. రంపం గీత చివరికి వస్తుంటే చప్పుడు పలచబడుతుంది. అది వినబడగానే చెయ్యి తేలిక చేసేవాడు.

నిలువు చెక్కలు రెండూ కోశాక వాటిని పక్కపక్కన నిలబెట్టించి పై అంచుల మీద అరచెయ్యి ఆడించాడు. ఒకటి బొటనవేలి మందాన పొట్టిగా వచ్చింది. కొలబద్ద జరిగినట్టుంది.

"నేను ముందే అన్నా," అన్నాడు బుల్లయ్య. "చాప తెప్పించండి. ఎందుకీ తంటా?"

"కాళ్ళ దిక్కు జానెడు ఎక్కువే వదిలా. పొడుగుదాన్ని దీనికి సమానం చేస్తే సరిపోయిద్ది," అన్నాడు జక్రయ్య. మళ్ళీ గీసి మళ్ళీ కోశాడు. ఈసారి అరచెయ్యి ఎక్కడా తట్టుకోలేదు.

చిక్కంతా మేకుల దగ్గర వచ్చింది. ఎడమ అరచేతిలో ఉలి దిగినప్పటి నుంచి రెండు వేళ్ళు సరిగా ముడుచుకోవు. మేకు నిలవటం లేదు. మొదటి దెబ్బకే వేలు నలిగింది. నెత్తురు వస్తోందని పక్కన ఎవరో అన్నారు.

"రెబ్కా, దువ్వెన ఉంటే ఇయ్యి."

ఆమె ఇంటికి వెళ్ళి తెచ్చింది. దువ్వెన పళ్ళ మధ్య మేకు నిలబెట్టి, దువ్వెన కొస పట్టుకుంటే వేళ్ళు దూరంగా ఉంటాయి. అయినా ఎడమచేతి పట్టు చాలలేదు. మేకు పక్కకి వాలింది. రెబ్కా అతని ముందు కూచుంది.

"నేను పట్టుకుంటా. నువ్వు కొట్టు."

"నీ వేళ్ళు నలుగుతయ్."

"నలగనీ. కొట్టవయ్యా."

అతను ఎడమచేత్తో మేకు తల ఎక్కడుందో తాకి చూశాడు. దువ్వెన మీదుగా వేళ్ళు జరిపి ఆమె చెయ్యి ఎక్కడుందో చూశాడు. అది కదలకుండా ఉంది. సుత్తిని మేకు మీద ఆనించి, కాస్త ఎత్తి, మెల్లగా కొట్టాడు. మేకు దిగింది. ఇంకో రెండు దెబ్బలకి నిలబడింది. ఆమె దువ్వెన లాగేసింది. అప్పుడు గట్టిగా కొట్టాడు. ఒకసారి సుత్తి జారి దువ్వెన పళ్ళు విరిగాయి. ఆమె ఊపిరి బిగబట్టింది గానీ చెయ్యి తియ్యలేదు. కాసేపటికి ఇద్దరికీ వాటం కుదిరింది. తాకటం, ఆనించటం, కొట్టటం. అతను ఎప్పుడు సుత్తి ఎత్తుతాడో ఆమెకి తెలిసిపోతోంది. పెట్టె నాలుగు పక్కలూ, అడుగూ అట్లాగే బిగించారు.

పొద్దు వాలుతుండగా క్రీస్తుదాసుని పెట్టెలో పడుకోబెట్టారు. ఎక్కడా ఇరుకు కాలేదు. మూత ఒక మూల కాస్త లేచింది. జక్రయ్య వేలితో సందు చూసి ఇంకో మేకు వేశాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. సమాధి దగ్గర మట్టి పెళ్ళలు పెట్టె మీద పడుతుంటే జక్రయ్య ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు. చెక్కలు ఎక్కడా విడలేదు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. రెబ్కా అతని మోచెయ్యి పట్టుకుంది.

ఆదరణ ప్రార్థనలన్నీ అయ్యాక వీరమ్మ తన భర్త పనిముట్లు కూడా తెచ్చి జక్రయ్య అరుగు మీద పెట్టింది. "నాకెందుకయ్యా ఇయన్నీ? ఆయన ఉంటే నీకే ఇచ్చేవాడు," అంది. రెబ్కా గోడకి వరసగా మేకులు కొట్టి, ఒక్కో పనిముట్టుకి ఒక్కో చోటు పెట్టింది. దేన్నీ వేరేచోట పెట్టొద్దని ఇంటికి వచ్చినవాళ్ళకి కూడా చెప్పేది. చెక్క జారకుండా బిగించటానికి అరుగు అంచున గట్టి దిమ్మె ఒకటి పాతించింది. ఉలి పట్టినప్పుడు రెండు చేతులూ దాని మొనకి వెనకే ఉండాలన్నది ఆమె షరతు. అది తప్పితే పని ఆపించేది.

అందరూ పని ఇవ్వలేదు. బుల్లయ్య తన ఇంటి తలుపు పొదిలిలోనే చేయించుకున్నాడు. జక్రయ్యకి పీటలూ, ఉయ్యాల చట్రాలూ, పారలకి కర్రలూ వచ్చేవి. ద్వారబంధాలు అతనూ ఒప్పుకోలేదు. ఒంటరిగా అంత పొడుగు చెక్క తిప్పటం కష్టమని తెలుసు.

తొలకరికి ముందు ఊళ్ళో బండి తోలే మాబు సాహెబ్ వచ్చాడు. కాడి విరిగిందనీ, కొత్తది కావాలనీ అన్నాడు.

"ఎడ్లని తోలుకురా," అన్నాడు జక్రయ్య.

"కొలత నేను చెప్తాగా. ఎడ్లెందుకు?"

"మెడలు తడిమి చూసుకోవాల. నువ్వు చెప్పే కొలతతో చేస్తే నీ మెడకే సరిపోయిద్ది."

రెబ్కా లోపలి నుంచి నవ్వింది. మాబు సాహెబ్ గొణుక్కుంటూ వెళ్ళి ఎడ్లని తోలుకొచ్చాడు. ఎడమపక్కది పొడుస్తుంది, జాగ్రత్త అన్నాడు. జక్రయ్య అరుగు దిగి, గంటల చప్పుడు వస్తున్న దిక్కుకి చెయ్యి చాచాడు. వెచ్చటి మెడ తగిలింది. ఎద్దు తల విదిలించింది. అతను చెయ్యి తియ్యకుండా అది నెమ్మదించేదాకా ఆగి, మూపురం ముందు నుంచి మెల్లగా కొలవటం మొదలుపెట్టాడు.