పట్టికలో లేని పేరు

క్షయ అని తేలిన మూడో రోజున ఆస్పత్రి నర్సమ్మ ఇంటికి వచ్చింది. భుజాన సంచి, చేతిలో అట్టకు తగిలించిన పట్టిక. రిటైరైన టైపిస్టు మాస్కు సర్దుకుని, పరీక్ష హాల్లో విద్యార్థిలా నిటారుగా కూర్చున్నాడు. పక్కనే భార్య.

మందులు మొదలయ్యాయి. ఆరు నెలలు మానకుండా వేసుకుంటే నయమవుతుందన్న ధీమా నర్సమ్మకుంది. ఆమె దిగులంతా ఆయన చుట్టూ ఉన్నవాళ్ళ గురించే. గడిచిన మూడు నెలల్లో ఆయనతో గంటల తరబడి గడిపినవాళ్ళెవరో చెబితే, జబ్బు ముదరకముందే వాళ్ళకు పరీక్ష చేయిస్తానంది.

భార్య పేరు, కొడుకు పేరు చెప్పి ఆగిపోయాడాయన.

"ఇంకెవరూ లేరా?"

"నాకింకెవరున్నారమ్మా. సాయంత్రం కాస్త అలా తిరిగొస్తాను, అంతే."

ఆ తిరుగుడు సరిగ్గా రెండు వీధుల దూరం. అక్కడ అన్నగారి బైండింగు షాపు, దాని వెనక కాగితాల గది, గదిలో చదరంగం బల్ల. ఒక పెళ్ళి ఫోటోలో ముందు వరుస ఎవరిదన్న దగ్గర తోడికోడళ్ళు మాటామాటా అనుకుని ఐదేళ్ళయింది. రెండిళ్ళ మధ్య రాకపోకలు లేవు. అన్నదమ్ములు మాత్రం ఇళ్ళలో పౌరుషం నటిస్తూ, రోజూ నాలుగింటికి గుట్టుచప్పుడు కాకుండా కలుసుకునేవారు.

బయట గాలిలో తిరిగితే భయం లేదనీ, తలుపులూ కిటికీలూ మూసిన గదుల్లోనే ఇది బాగా అంటుకుంటుందనీ నర్సమ్మ యథాలాపంగా చెప్పింది.

కిటికీ మూసింది తనే. వీధిలో ఎవరైనా చూసి ఇంట్లో చేరవేస్తారని రోజూ గడియ వేసిందీ తనే. అన్నకు అరవై ఎనిమిదేళ్ళు, పైగా షుగరు. ఇన్నాళ్ళూ దాచింది ఓ చిన్న సంతోషాన్నేనని టైపిస్టు అనుకున్నాడు. ఆ దాపరికమే అన్న ఊపిరికి ఎసరు పెట్టి ఉండవచ్చని ఇప్పుడు తట్టింది.

నర్సమ్మ లేవబోయింది.

"మా అన్నయ్య ఉన్నాడు" అన్నాడాయన. "రోజూ రెండు గంటలు చదరంగం ఆడతాం. కిటికీలు మూసుకుని."

నర్సమ్మ మళ్ళీ కూర్చుంది. భార్య ఆయన వైపు తిరిగింది.

"ఎవరు గెలుస్తున్నారు?" అంది.

"ఎక్కువగా అన్నయ్యే."

"ఐదేళ్ళు నా దగ్గర దాచింది ఓడిపోవడానికా?"

రోగి పేరు ఎత్తకుండా తానే వెళ్ళి మాట్లాడతానని నర్సమ్మ అంది. భార్య అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

"మా అక్కయ్య సంగతి మీకు తెలియదు. ఎవరు పంపారో చెప్పందే గడప దాటనివ్వదు. పదండి, నేనూ వస్తాను."

టైపిస్టు పది అడుగుల వెనకగా నడిచాడు.

వదినగారు తలుపు తీసి, ముగ్గురినీ చూసి, దారి ఇవ్వకుండా నిలబడింది.

"అక్కా, మా ఆయనకు క్షయ. బావగారికి కూడా పరీక్ష చేయించాలి. అంటుకుని ఉండొచ్చు" అంది భార్య.

"ఎలా అంటుకుంటుంది? మీ ఆయన ఈ గడప తొక్కి ఐదేళ్ళు..." వదినగారు మధ్యలో ఆగి, మరిది ముఖం చూసింది. తరవాత ఇంట్లోకి తిరిగి, చాలా మెత్తగా పిలిచింది. "ఏమండీ, ఒకసారి ఇలా వస్తారా?"

అన్న వచ్చాడు. గుమ్మంలోని జనాన్ని చూసి గొంతు తగ్గించి తమ్ముణ్ణి అడిగాడు. "చెప్పేశావా?"

"చెప్పేశాను."

నర్సమ్మ ఆయన చేతిలో చిన్న డబ్బా పెట్టింది. పొద్దున లేవగానే గట్టిగా దగ్గి, కఫం ఇందులో పట్టి ఇవ్వాలంది.

"మరిచిపోనివ్వకండి" అని వదినగారితో కూడా చెప్పింది.

"మరిచిపోవడమా?" వదినగారు తోడికోడలికి దారి ఇస్తూ అంది. "రేపటిదాకా ఈయన నా కళ్ళ ముందు నుంచి కదిలితే కదా."