రాజు పడితే రూలు మారుతుంది

కరుణాకరం ఇంట్లో పేకాటకు ఒకటే చట్టం. రాజు వేసినవాళ్లు కొత్త రూలు పెట్టొచ్చు, ఇంకో రాజు పడేదాకా అందరూ దానికి కట్టుబడాలి. మిగతాదంతా మామూలే, చేతిలో ముక్కలు ముందు అయిపోయినవాళ్లు గెలిచినట్టు. డబ్బులు పెట్టరు కాబట్టి పాపం కాదని కరుణాకరం వాదన. అయినా ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆడేటప్పుడు మాత్రం వీధి తలుపు దగ్గరగా వేస్తాడు.

వందనకు ఈ ఆట కొత్త కాదు. కొత్తగా వచ్చింది తన తర్వాత ఆడే మనిషి. అమ్మ పోయిన నాలుగేళ్లకు, మొన్న వేసవిలో నాయన కరుణాకరం తర్లుపాడు నుంచి పెళ్లి చేసుకుని తెచ్చుకున్న మగ్దలీనమ్మ. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టరైనా, కొమరోలు బస్సులో ముక్కూమొహం తెలియని ముసలాయన్ని కూడా తాతా అని పిలిచే పిల్ల వందన. ఈమెను మాత్రం ఏ వరసా పెట్టకుండా నెట్టుకొస్తోంది. "తిన్నారా", "ఛార్జర్ చూశారా" అని గాల్లోకి వదిలేస్తుంది. చిన్నమ్మా అంటే అమ్మ కుర్చీని కాస్త పక్కకు జరిపినట్టవుతుందేమోనని భయం.

తమ్ముడు చిన్నాకు అలాంటి భయాలేం లేవు. వాడే రాజు వేశాడు.

"ముక్క వేసేటప్పుడు తర్వాత ఆడేవాళ్లను వరస పెట్టి పిలవాల. పిలవకుంటే కట్టలోంచి రెండు ముక్కలు తీయాల. ఆడు నాయనా!"

"ఇగో బిడ్డా," అని కరుణాకరం ముక్క వేశాడు.

వందన కళావరు ఏడు వేసి ఊరుకుంది. రెండు ముక్కలు తీసుకుంది. తర్వాతి చుట్టులోనూ అంతే.

"ఏందక్కా, నోట్లో సంగటిముద్ద ఉందా?" అన్నాడు చిన్నా.

కరుణాకరం ముక్కల్లో బైబిలు వాక్యం చదువుతున్నట్టు తల దించుకున్నాడు.

మగ్దలీనమ్మ రాజు వేసింది.

"గట్టి రూలు పెట్టు చిన్నమ్మా!" అన్నాడు చిన్నా.

ఎందుకు పిలవవని ఇప్పుడు అడుగుతుంది, అనుకుంది వందన. అడిగితే తప్పించుకునే దారి లేదు.

మగ్దలీనమ్మ కొంగు సర్దుకుంది. "ఇప్పట్నుంచి ఎవురూ ఎవుర్నీ పిలవగూడదు. పిలిస్తే రెండు ముక్కలు. నేల మీద తడితే చాలు."

"అదేం రూలు చిన్నమ్మా, సప్పగా!"

"నా రాజు, నా ఇష్టం. చిన్నమ్మా అన్నావు, తీయి రెండు."

చిన్నా గొణుగుతూ తీశాడు. ఓ ముక్క వేసి నేల మీద తట్టాడు. కరుణాకరమూ వేసి తట్టాడు. వందన వంతు వచ్చింది. ముక్క వేసి, తట్టబోయి ఆగింది. గెలవడానికి దాచుకోవాల్సిన రాజును ఈమె వందన కోసం ఖర్చు పెట్టేసింది. ఏమీ ఎరగనట్టు ముక్కలు సర్దుకుంటోంది కూడా.

"నీ వంతు, చిన్నమ్మా."

"అక్క పిలిచింది! రెండు!" అని చిన్నా అరిచాడు.

"తీస్తా లేరా."

తీసుకుంది. మరుసటి చుట్టులో మళ్లీ "చిన్నమ్మా, నీదే" అంది, మళ్లీ రెండు తీసుకుంది. ఆ పై చుట్టులోనూ అంతే. చేతిలో పట్టక కొన్ని ముక్కలు ఒళ్లో పెట్టుకుంది.

మగ్దలీనమ్మ తల ఎత్తలేదు గానీ, ముక్కల వెనక నవ్వు దాచుకోలేకపోతోంది.

"ఏమయ్యా," అంది మొగుడితో, "నీకాడ రాజు ఉంటే దాచిపెట్టుకోబాక. తొందరగా వెయ్యి, ఈ రూలు మారాల."

'ఏమయ్యా' అని పిలిచినందుకు తనే, ఎవరూ అడగకముందే, రెండు ముక్కలు తీసుకుంది.