ఒకే చెయ్యి, నాలుగు పేర్లు

నేను ఒక బీపీ మిషన్ని. చేతికి పట్టీ చుట్టి, రబ్బరు బంతి నొక్కి, నా సూది చూసి మనిషి ఎలా ఉన్నదీ చెబుతారు. నాకు అబద్ధం రాదు. అయినా ఒకసారి మనుషులు నా చేత చెప్పించారు.

మొదట తునిలో ఒక డాక్టరు గారి బల్ల మీద ఆరేళ్లు పనిచేశాను. ఆయన క్లినిక్ మూసేశాక కాకినాడ దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీ వాళ్లు నన్ను కొన్నారు. అక్కడ ఉద్యోగుల ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టారు. బ్యానరు కట్టారు, నాకు బొట్టు కూడా పెట్టారు. విశ్రాంతి ఎంత అవసరమో మేనేజరు గారు అరగంట చెప్పారు. రోజంతా నిలబడి రొయ్యలు వొలిచే ఆడవాళ్లు ఆ అరగంటా నిలబడే విన్నారు.

అంకెలన్నీ మేనేజరు గారి బల్ల మీదికి వెళ్లాలన్నది షరతు. కిందటేడు కళ్లు తిరిగి పడిపోయిన ఒకావిడను ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమని పంపారు, మళ్లీ పిలవలేదు. అది అందరికీ గుర్తుంది.

ఆ పనిలో టోపీ, మాస్కు పెట్టుకుంటే కళ్లు తప్ప ఏమీ కనపడవు. అందుకని దుర్గవేణి అనే పడుచు పిల్ల తన వంతు అయ్యాక, ముగ్గురు పెద్దవాళ్ల పేర్లున్న చీటీలతో మళ్లీ మళ్లీ వచ్చి కూర్చుంది. నాలుగుసార్లూ నా సూది ఒక్కచోటే ఆగింది. నర్సు ఎస్తేరు గారు మాత్రం మోచేతి దగ్గరి తేలు పచ్చబొట్టు చూశారు.

"నీకు ఇవాళ ఎన్ని పేర్లమ్మా?"

దుర్గవేణి తల దించుకుంది. "నూకరత్నం పిన్నికి పొద్దున్నుంచి తలపోటండి. బీపీ అని రాస్తే గేటు దగ్గరే ఆపేస్తారని భయమండి. ఆవిడ కూలి మీదే ఇల్లు నడుస్తోందండి."

ఎస్తేరు గారు తిట్టలేదు. నన్ను చంకన పెట్టుకుని తిన్నగా మేనేజరు గారి గదికి వెళ్లారు. అంకెలు తన దగ్గరే ఉండాలన్నారు. బీపీ ఉందని ఎవరినీ పని మాన్పించబోమని రాసివ్వమన్నారు. మరి కార్యక్రమం బాగా సాగుతోందని తనకెలా తెలుస్తుందని ఆయన అడిగారు.

"బాగా సాగుతోందనే కాయితమే కావాలంటే ఇదిగోనండి. నలుగురికీ ఒకటే బీపీ."

ఆయన కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. చివరికి రాసి సంతకం పెట్టారు. ఎస్తేరు గారు ఆ కాయితాన్ని షెడ్డులో నిలబడి చదివి వినిపించారు.

గంటలో నూకరత్నం చెయ్యి మొదటిసారి నా పట్టీలోకి వచ్చింది. ఐసు నీళ్లకు మొద్దుబారి చల్లగా ఉంది. రెండు వందల దగ్గరే నా సూది కొట్టుకుంది. ఆవిడ దాని వంక చూడలేదు.

"రేపు రానిస్తారాండి?"

"డాక్టరు గారు రమ్మన్న రోజు వద్దువు గాని. నీ చోటు ఎక్కడికీ పోదు" అని ఎస్తేరు గారు ఫ్యాక్టరీ వ్యానులోనే ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లారు.

పన్నెండో రోజున నూకరత్నం గేటు దాటి లోపలికి వచ్చింది. ఎవరూ ఆపలేదు. తూకం బల్ల దగ్గర కూర్చుని చేసే పని ఇచ్చారు, కూలి తగ్గించలేదు. ఆ రోజు నా సూది నూట ముప్పై ఆరు దగ్గర ఆగింది. నాలోని గాలి వదులుతుంటే ఆవిడ కూడా పెద్దగా ఊపిరి వదిలింది.

ఇప్పుడు నా రబ్బరు బంతి చిరిగింది. నా చోటికి అంకెలు వెలిగే కొత్త మిషన్ వచ్చింది. నేను పాత గంబూట్ల పక్కన అలమారలో ఉన్నాను. బాధేమీ లేదు. తెర అవతల, కొత్త మిషన్ దగ్గర కుర్చీ జరిగిన చప్పుడవుతుంది. మాస్కు కిందికి లాగి, ఎవరో తమ పేరు తామే చెబుతారు.

"నూకరత్నమండి."