అతుకు రేకు లోపలి నట్టు

నేను ఒక నట్టుని. నా బోల్టుకి జానెడు దూరంలో ఉండి కూడా దాని దగ్గరికి పోలేని నట్టుని. మీరు ఎక్కే ప్రతి బండి కిందా నాలాంటివాళ్లం వందల మందిమి వేలాడుతుంటాం. మేం గట్టిగా ఉన్నంతకాలం మేం ఉన్నట్టే మీకు తెలియదు. మేం ఊడినప్పుడు మాత్రం పేపర్లో మీ పేర్లు పడతాయి.

ఎర్రగా కాలిన ఇనప కడ్డీని ముక్కలు కోసి, ఆరు పలకలు తేల్చి, నడుమ బొక్క పెట్టి, లోపల మర తీశారు. మర అంటే మెలికలు తిరిగిన గాడి. నట్టుకి ప్రాణం అక్కడే ఉంటుంది. అది అరిగిందా, ఇక మేం నట్లం కాదు, ఎవరి వేలికీ పనికిరాని ఉంగరాలం.

నన్ను ఒక వ్యాను వెనక భాగంలో, కమాను కట్టని చాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి, పట్టి ఉంచే బోల్టుకి బిగించారు. కమాను కట్ట అంటే బండి బరువంతా మోసే ఇనప పట్టీల కట్ట. బోల్టు జారితే కట్ట జారుతుంది, కట్ట జారితే చక్రం వంకర పోతుంది. ఆ తర్వాత బండి ఎటు పోతుందో చెప్పడానికి జాతకం చూడక్కర్లేదు.

మొదట ప్రైవేటు బడి పిల్లల్ని మోశాం. అప్పుడు బండిది పసుపు రంగు. పిల్లలు పెరిగారు, బండి ముసలిదైంది. దాన్ని పెళ్లిళ్ల బ్యాండు మేళం వాళ్లు కొని, ఎరుపు పూసి, రెండువైపులా నెమళ్లు గీయించారు. వాళ్ల చేతుల్లోనే బండి ఒక కల్వర్టుని గుద్ది చాసిస్ చీలింది. వెల్డింగ్ మనిషి చీలిక మీద ఓ రేకు అతికి, పైన నల్లరంగు కొట్టి సాగనంపాడు. ఆ రేకుకీ చాసిస్‌కీ మధ్య ఒక చీకటి గూడు మిగిలింది. ఆ తర్వాత సాంబయ్య కొన్నాడు. తెల్లరంగు వేయించి, ముందు అద్దం మీద దేవుడి పేరు రాయించాడు. ఓనర్లు మారినప్పుడల్లా రంగు మారింది. పానా పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడు. మనుషుల శ్రద్ధ అంతా కంటికి కనపడే ఎత్తులోనే ఉంటుంది. మోకాలి కిందకి అది దిగదు.

సాంబయ్య పని మిరప కోతకి కూలీలని తోలడం. పల్నాటి మిరప చేలు పండాయంటే ఆడకూలీలకి తెల్లారకముందే పరుగు. పదిమంది కూర్చునే బండిలో ఆయన మనిషి మీద మనిషిని కుక్కేవాడు. ఆ బరువంతా కాలవ కట్ట మీది గతుకుల్లో నా మీదే పడేది. మర అరిగింది. పట్టు పోయింది. ఒకరోజు పెద్ద గుంటలో చక్రం పడ్డప్పుడు బోల్టు నుంచి జారి ఆ అతుకు రేకు గూట్లో పడ్డాను.

అక్కడి నుంచి నా అంతట నేను బయటపడే దారి లేదు. అడుగున బురద, చుట్టూ తుప్పు, ఒక మూలన ఎలక కొరికి దాచిన మిరప తొడిమలు. గతుకు వస్తే అటు, బ్రేకు పడితే ఇటు. ఖంగున రేకుని కొడతాను. ఖంగున చాసిస్‌ని కొడతాను. నా చోటు ఖాళీగా ఉంది, ఒకసారి వంగి చూడండి అని నేను అరిచే అరుపు అది. మీ చెవికి మోత.

గూట్లోంచే నాకు ఇంకొకటి తెలిసేది. కాలవ మలుపు దగ్గర బండి ఒరిగినప్పుడల్లా నా బోల్టు కాస్త బయటికి జరిగేది. మలుపు కింద రాళ్లు, నీళ్లు. బోల్టు పూర్తిగా జారేలోగా ఎవరో ఒకరు చూడాలి. లేకపోతే ఆ ఆడవాళ్లు ఇళ్లకి చేరరు. ఇంత పెద్ద సంగతి ఇంత చిన్న గూట్లో ఇరుక్కుంది.

డ్రైవరు బాజీ మంచివాడు. మంచివాళ్లకి ఉండే జబ్బు అతనికీ ఉంది. ఓనరు మాటకి ఎదురు చెప్పడు. "వెనకాల ఏందో మోగుతుందండీ" అని ఒకసారి అన్నాడు. సాంబయ్య బండికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించాడు. మిరప చేలకి పోయే బండికి దిష్టికి మిరపకాయలు! బాజీ మళ్లీ చెబితే పెద్ద పాటల డబ్బా పెట్టించాడు. డబ్బా అరుస్తుంటే నేను వినపడను. రోగం తగ్గలేదు గానీ మూలుగు ఆగింది, ఓనరుకి అంతే చాలు.

డబ్బా కాలిపోయాక నేను మళ్లీ వినిపించాను. ఈసారి సాంబయ్య దొంగని పట్టేశాడు.

"సద్ది గిన్నెలురా! సీట్ల కింద అన్ని గిన్నెలు పెడితే మోగవూ? రేపట్నుంచి గిన్నెల్ని ఒళ్లో పెట్టుకోమను. కింద పెట్టినోళ్లని దించెయ్."

నిలబడటానికే చోటు లేని బండిలో ఒళ్లో, తెల్లారగట్ల వండి కట్టుకున్న వేడి గిన్నె పెట్టుకుని కూర్చోవాలి. పులుసు చీరల మీద ఒలికింది. ఒకావిడ మోకాలు కాలింది. కడుపుకి తెచ్చుకున్న కూడే నేరమైపోయింది. అన్ని గిన్నెలూ ఒళ్లలోకి వచ్చాక కూడా మలుపు దగ్గర నేను ఖంగుమన్నాను.

ముసలి తిరపతమ్మ నోరు చేసుకుంది. "ఇంకేం మిగిలాయిరా బాజీ? నా నోట్లో రెండు పళ్లు కదులుతున్నాయి. అయ్యి కూడా పీకి ఒళ్లో పెట్టుకోమంటావా?"

"నన్నంటావేంది పెద్దమ్మా, ఆయన చెప్పమన్నది చెప్పా."

కూలీల ముఠాకి పెద్ద అయిన సువార్తమ్మ అప్పటిదాకా నవ్వింది. నవ్వు ఆపి బండి గోడ మీద దెబ్బ వేసింది. "ఆపు బండి."

"చేను కాడికి ఆలస్యమైద్దమ్మా!"

"అయితే కానీ. గిన్నెలు కాదని తేలింది గదా. మరేందో తేలేదాకా ఇంక ఎక్కం. దిగండే అందరూ!"

దిగారు. తర్వాత వాళ్లు చేసిన పని ఏ షెడ్డులోనూ నేర్పరు. బాజీని మెల్లగా తోలమని, బండికి రెండువైపులా అరచేతులు ఆనించి నడిచారు. బిందె చిల్లు ఎక్కడుందో తడిమి చూసినట్టు బండిని తడిమారు. నేను ఖంగుమంటే ఎవరి చేతికి గట్టిగా తగిలితే వాళ్లు అరవాలి.

"నాకు లేదు!"

"నాక్కొంచెం!"

"ఇదిగో, ఇక్కడ! నా చేతికింద గుద్దుతుంది!"

ఎన్నేళ్ల తర్వాతనో నా మీద మనిషి చెయ్యి. నడుమ ఇనుము ఉన్నా సరే. ఒళ్లంతా కొట్టుకున్నాను.

బాజీ కిందకి దూరి రేకుని సుత్తితో తట్టాడు. "లోపల ఏదో ఉంది. కొసన సందు ఉంది గానీ రాదు." సువార్తమ్మ బండిని కాలవ కట్ట ఎత్తు మీదికి ముక్కు పైకి ఉండేలా ఎక్కించమంది. బండి ఎక్కింది, నేను దొర్లాను, సందులోంచి నేరుగా బాజీ అరచేతిలో పడ్డాను. వెలుతురు! కళ్లుంటే మూసుకునేవాణ్ని.

"ఛీ, ఇంతేనా!" అని తిరపతమ్మ ఉమ్మేసింది. ఆడవాళ్లు నవ్వారు. కొందరు గిన్నెలు తీసుకుని ఎక్కబోయారు కూడా. మోత పోయింది, ఇంకేం కావాలి?

"ఆగండే," అంది సువార్తమ్మ. "ఇది యాడ ఊడింది?"

బాజీ మళ్లీ దూరాడు. బయటికి వచ్చిన మొహంలో నెత్తురు లేదు. "కమాను బోల్టుదమ్మా. సగం బయటికొచ్చింది." అంతలోనే పానా తీశాడు. "ఏం పర్లేదు, కొట్టి లోపలికి తోసి ఇదే బిగిస్తా. పోదాం."

అన్నట్టే బోల్టుని లోపలికి కొట్టి నన్ను దాని మీదికి ఎక్కించాడు. నా ఇల్లు! అదే గాడి, అదే పాత గ్రీజు వాసన. అయినా సంతోషం ఎందుకు రాలేదో చెబుతాను. నా మర అరిగిపోయింది. నేను నిలవను. రేపో మర్నాడో మళ్లీ జారతాను. ఈసారి గూట్లో పడతానన్న నమ్మకం లేదు, రోడ్డు మీద పడొచ్చు. అప్పుడు మోత ఉండదు. అడిగేవాళ్లు ఉండరు. కాలవ మలుపు మాత్రం అక్కడే ఉంటుంది. ఇంత చేసీ నన్ను నా ఇంట్లోనే బందీని చేస్తున్నారు, అబద్ధానికి కాపలా పెడుతున్నారు. నాకేమో ఇప్పుడు అరవడానికి చోటు కూడా లేదు.

అప్పుడే సాంబయ్య మోటారు సైకిలు మీద ఊడిపడ్డాడు. "కాయలు ఎండిపోతంటే రోడ్డు మీద తిరనాళ్ల పెట్టారేంది?"

"నట్టు ఊడిందండి. బిగించా," అన్నాడు బాజీ.

"బిగించాడు గదమ్మా! ఎక్కండి, ఎక్కండి!"

సువార్తమ్మ ఎక్కలేదు. చీర కుచ్చిళ్లు దోపి, బురదలో బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టింది. మిరప ఘాటుకి పగిలిన వేళ్లు నన్ను పట్టుకున్నాయి. తిప్పలేదు. లాగింది.

వచ్చేశాను.

లేచి నిలబడి నన్ను సాంబయ్య కళ్లముందు పెట్టింది. "చూడవయ్యా. ఇదా బిగించింది? తిప్పకుండానే ఊడొచ్చింది. నా చేతి గాజు కూడా ఇంత సుళువుగా రాదు."

"పాత బండి. కొంచెం అటూ ఇటూ ఉండిద్ది. భయమైతే మానెయ్యండి, పక్కూరి ముఠా ఉంది."

"పిలువు. వాళ్లకీ లాగి చూపిస్తా."

ఆమె రోడ్డుకి అడ్డంగా కూర్చుంది. ఒక్కొక్కరే కూర్చున్నారు. తిరపతమ్మ గిన్నె మూత తీసి, రోడ్డు మధ్యలోనే సద్ది తినడం మొదలుపెట్టింది. చేను రైతు ఫోను మీద ఫోను చేసి సాంబయ్యని తిడుతున్నాడు. సాంబయ్య అరిచాడు, బతిమాలాడు, దేవుడి మీద ఒట్టేశాడు. ఆడవాళ్లు అన్నం తిన్నారు. చివరికి బాజీ, ఓనరు మొహం చూడకుండానే, బండి తాళం తీసి సువార్తమ్మ పక్కన పెట్టి తనూ కూర్చున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చాక సాంబయ్య మెకానిక్కుని తీసుకొచ్చాడు. కొత్త బోల్టులు వచ్చాయి, కొత్త నట్లు వచ్చాయి. సువార్తమ్మ దగ్గరుండి అన్నిటినీ లాగి చూసింది. ఒక్కటీ రాలేదు. అప్పుడు ఎక్కారు.

సువార్తమ్మ నన్ను కొంగున ముడేసుకుంది. మళ్లీ చీకటి, మళ్లీ ఇరుకు. నా చోట్లో కొత్తవాడు ఉన్నాడు. నాకు ఇక ఇల్లు లేదు, బోల్టు లేదు, మోగడానికి రేకు లేదు. ఆ ముడిలో నలుగుతూ ఒక సంగతి ఆలోచించాను. నాకంటే ముందు ఊడిన నట్లు చాలావరకు రోడ్ల మీదే పడ్డాయి. దుమ్ములో స్వేచ్ఛగా పడి ఉన్నాయి. వాటి బండ్లు చప్పుడు లేకుండా నడిచాయి, మలుపు వచ్చేదాకా. నేను ఇరుక్కున్నాను గనుక మోగాను.

మర్నాడు తెల్లారి, చేను గట్టున ఇంకో ముఠా తమ బండి దిగుతోంది. సువార్తమ్మ ముడి విప్పి, నన్ను వాళ్ల డ్రైవరు ముందుకి చాపింది.

"అబ్బాయ్, నీ బండి కింద ఎప్పుడన్నా చూశావా?"

అతను నవ్వాడు. "మా బండి మోగట్లేదు గదమ్మా."

"మోగట్లేదనే అడుగుతున్నా," అంది సువార్తమ్మ. "వంగు."