అట్ట మీది రాత

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ దాటాక ఉన్న మా ప్రైవేటు వర్క్‌షాపులో తెలుగు చదవడం వచ్చినవాళ్లం ఇద్దరమే. ఒకణ్ణి నేను, రెండోవాడు మోటార్లు బాగుచేసే త్రినాథరావు. విజయనగరం వైపు నుంచి కలిసే వచ్చాం, పక్కపక్క ఇళ్లలోనే ఉంటున్నాం.

మా అబ్బాయి దిలీప్ చిన్నప్పుడు, ఆదివారాలు అక్షరాలు దిద్దిస్తానని త్రినాథరావు పలక పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. ఈ ఊళ్లో తెలుగు చదివి ఏం చేస్తాడని నవ్వి పంపేశాను. పెద్ద తెలివైనవాణ్ణి కదా! ఇప్పుడు దిలీప్ మా షాపులోనే ఎలక్ట్రీషియను. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు.

కరెంటు ఆపి పని చేసేటప్పుడు స్విచ్‌కి తాళం వేసి, హెచ్చరిక బోర్డు తగిలించాలి. ఆ రూలు గోడ మీద నిక్షేపంగా ఉంది. తాళాలూ బోర్డులే లేవు. త్రినాథరావు నాలుగు నెలలు అడిగాడు, వస్తాయి వస్తాయి అన్నారు స్టోరు వెధవలు. అతనికి హిందీ మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. విసిగిపోయి ఆ రోజు ఒక అట్టముక్క మీద ‘మనిషి పనిలో ఉన్నాడు, స్విచ్ వేయొద్దు’ అని తెలుగులో రాసి, ఆపిన స్విచ్ హ్యాండిల్‌కి కట్టాడు. ఆ పూట స్విచ్‌ల దగ్గర డ్యూటీ దిలీప్‌దే. వాడికి నేను ఇంట్లో చదవడం నేర్పే ఉంటానని త్రినాథరావు అనుకున్నాడట.

దిలీప్ అది ఏ సరుకు పెట్టెదో చింపిన అట్ట అనుకుని, పీకి పారేసి స్విచ్ వేశాడు. త్రినాథరావు కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు.

విచారణకి వచ్చిన అధికారి ఆ అట్టని బల్ల మీద పెట్టి, ఏం రాసుందో చదవమని నన్నే అడిగాడు. అది హెచ్చరికైతే దిలీప్ ఉద్యోగం పోతుంది, కేసు కూడా పడుతుంది. కాకపోతే తప్పంతా త్రినాథరావుది. ఊళ్లో వేలమంది తెలుగువాళ్లున్నారు, ఇంకొకణ్ణి పిలిచి చదివించొచ్చు. పిలవలేదు. తాళాలు కొనని కంపెనీకీ అది హెచ్చరిక కాకపోతేనే మంచిది. దిలీప్ తలుపు దగ్గర నిలబడి నా మొహంలోకే చూస్తున్నాడు.

ఏదో పాత సరుకు పేరు సార్, అని హిందీలో చెప్పాను.

“అచ్ఛా,” అని అధికారి రాసుకున్నాడు. హెచ్చరిక పెట్టకుండా పని చేశాడని త్రినాథరావుని తీసేశారు. వారం తిరక్కుండా కొత్త తాళాలు, కొత్త బోర్డులు వచ్చాయి. వాటిని దిలీపే తగిలించాడు.

ఆదివారం ఆసుపత్రికి వెళ్లాను. సిగ్గులేని మనిషిని, అరటిపళ్లు కూడా పట్టుకెళ్లాను. త్రినాథరావుకి అంతా తెలిసిపోయింది. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని నా వైపు తిరిగాడు.

“పైడిరాజూ,” అన్నాడు. “నీక్కూడా తెలుగు సదవడం రాదేటి?”