మేకుకి తగిలించని తాళంచెవి

తాళాలత్త రాత్రిళ్ళు అందరి ఉత్తరాలూ చదివేస్తోందని పాలావిడ అన్నదట. ఆ మాట మోసుకురావడానికి టైలరు భార్య పనికి పోతున్నది కాస్తా సగం దారిలోంచి వెనక్కి వచ్చింది.

"నేనైతే నమ్మలేదనుకో అత్తా. కానీ తన గేదె తంతుందని పాలావిడ వాళ్ళన్నకి కంప్యూటర్లో రాసుకున్న ముక్క, కొంటానన్న వడ్రంగి చెవిదాకా ఎలా వెళ్ళింది? బేరం కాస్తా పోయింది. ఆవిడ పాస్‌వర్డు నీకు తప్ప ఎవరికీ తెలీదటగా."

"దానిది తెలుసు. నీ మొగుడిదీ తెలుసు. ఆ కంప్యూటరు ఎక్కడ నొక్కితే వెలుగుతుందో మాత్రం తెలీదు."

"అదే నేనూ అన్నా," అంటూనే టైలరు భార్య గోడ వైపు చెయ్యి చాపి తమ ఇంటి తాళంచెవి తీసుకుంది. "ఇవాళ ఇంట్లోనే ఉంటాలే."

తాళాలత్త ఇల్లు వీధి మలుపులో ఉంది. పొలానికి పోయేవాళ్ళూ పనికి పోయేవాళ్ళూ ఇంటికి తాళం వేసి, చెవి ఆమె చేతిలో పెట్టి పోతారు. ముందు ఎవరు తిరిగొస్తే వాళ్ళు తీసుకుంటారు. గుమ్మం పక్కన గోడ నిండా మేకులు. ఏ మేకు ఎవరిదో రాసి ఉండదు, ఆమెకి తెలుసు. అత్తగారి నుంచి సంక్రమించిన పెత్తనం అది. ఇన్నేళ్ళలో ఎవరింట్లోనూ ఒక్క గింజ పోయిందన్న మాట రాలేదు.

ఎదురుగా ఉన్న పాత తూకాల గదిలో ఇంటర్నెట్ కేంద్రం పెట్టినప్పుడు దాని తాళంచెవి కూడా ఆ గోడకే చేరింది. పాఠాలు చెప్పడానికి వచ్చిన టీచరమ్మ మొదటి రోజే, "పాస్‌వర్డు అంటే మీ ఇంటి తాళంచెవి అనుకోండి, జాగ్రత్త" అంది. జనం ఎంత జాగ్రత్త పడ్డారంటే, క్లాసు అవగానే వీధి దాటి వచ్చి, ఒక్కొక్కరే వంగి తాళాలత్త చెవిలో తమ పాస్‌వర్డు ఊది వెళ్ళారు. మర్చిపోయినవాళ్ళు పాఠం మధ్యలో లేచొచ్చి అడిగి పోయేవారు. పాపం టీచరమ్మ, వీళ్ళు మంచినీళ్ళకి వెళ్తున్నారనుకుంది.

మధ్యాహ్నానికల్లా సగం మేకులు బోసిపోయాయి. ఒకరు చుట్టాలొస్తున్నారన్నారు, ఒకరు తాళం మారుస్తున్నామన్నారు. ఎవరూ ఆమె మొహం చూసి మాట్లాడలేదు. చివరికి పంచాయతీ ప్రెసిడెంటు గారి దగ్గర్నుంచి కబురు వచ్చింది: రేపటి నుంచి కేంద్రం తాళంచెవి ఆఫీసులో ఇచ్చెయ్యాలట.

తాళాలత్త లేచి తన ఇంటికి తాళం వేసింది. వేశాక, ఆ చెవి ఎవరికివ్వాలో తోచక బొడ్లో దోపుకుంది. వీధి దాటి కేంద్రంలోకి నడిచింది.

క్లాసు నడుస్తోంది. పాలావిడ ఆమెను చూసి తల తిప్పుకుంది. తాళాలత్త నేరుగా వడ్రంగి కుర్చీ దగ్గరికి వెళ్ళింది.

"ఏమయ్యా, గేదె తంతుందని నీకెవరు చెప్పారు?"

వడ్రంగి పక్క కుర్చీలోని టైలరు వైపు తిరిగాడు. "నువ్వే కదా బావా, పైకి చదివావు."

టైలరుకి అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదివితే తప్ప తలకెక్కదు. "అది పాఠం కాదా?" అన్నాడు తెల్లబోయి. "నేను కూర్చునేసరికి తెర మీద ఉంది. నల్ల గేదె వెనక కాలు విసురుతోంది, కొనేవాడికి చెప్పకు అని. అబ్బ, మనకి అర్థమయ్యేలా ఎంత బాగా రాశారో అనుకున్నా. రెండోసారి కూడా చదివా."

గదంతా గొల్లున నవ్వింది. పాలావిడ మాత్రం నవ్వలేదు. టీచరమ్మ ఆమె దగ్గరికి వచ్చింది.

"అక్కా, నిన్న లేచేముందు లాగౌట్ చేశావా?"

"కుర్చీ సర్ది లేచాను."

"అంటే తలుపు బార్లా తీసి వెళ్ళిపోయావన్నమాట."

"తలుపు ఎవరు తీసి వెళ్తే ఏంలే," అంది తాళాలత్త. "చెవి నా దగ్గరుంటే నింద నాదే. వీళ్ళందరి పాస్‌వర్డులూ నా దగ్గరున్నాయి టీచరమ్మా. నాకొద్దు. ఎలా మార్చాలో చెప్పు."

టీచరమ్మ నోరు తెరిచింది. "అందరివీనా? అయ్యో, నేనే మార్చేస్తాను ఉండండి."

"నువ్వు మారిస్తే నీకు తెలుస్తుంది. వాళ్ళ చేతే మార్పించాలి. ముందు నాకు నేర్పు."

ఆమె కోసం కొత్త ఖాతా తెరిచారు. తాళాలత్త మొరాయించే తాళాన్ని నొక్కినట్టు మీట మీద వేలు ఆనించి గట్టిగా నొక్కింది. ఒక్క అక్షరం కావాలంటే బారెడు వచ్చింది. చెరిపింది. మళ్ళీ బారెడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె తిరగలేదు. వేడి పెనం తాకినట్టు తాకాలని తెలియడానికి చాలాసేపే పట్టింది. తెలిశాక మాత్రం పాత పాస్‌వర్డు తీసేసి కొత్తది పెట్టడం, బయటికి రావడం, మళ్ళీ లోపలికి పోవడం, అన్నీ టీచరమ్మ చెయ్యి పట్టకుండానే చేసింది.

అప్పుడు లేచి ఒక్కొక్కరి కుర్చీ వెనకా నిలబడింది. "ఇక్కడ నొక్కు. ఇప్పుడు నీ ఇష్టమొచ్చింది కొట్టు, నేను గోడ వైపు తిరిగా." వాళ్ళు కొడుతున్నంతసేపూ మొహం గోడకేసి ఉంచింది. అయ్యాక, "లేచేముందు?" అనేది. "లాగౌట్" అని బళ్ళో పిల్లల్లా చెప్పేవారు. చెప్పనివాళ్ళని భుజం పట్టి మళ్ళీ కూర్చోబెట్టింది.

పాలావిడ వంతు వచ్చినప్పుడు కూడా అంతే. ఒక మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

జరిగింది చెప్పడానికి ప్రెసిడెంటు గారి దగ్గరికి టీచరమ్మే వెళ్ళింది. "మీ పాస్‌వర్డు కూడా మార్చుకోవాలండీ, ఆమె నేర్పుతుంది" అని చెప్పి వచ్చింది. కేంద్రం తాళంచెవి గోడ మీదే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున తాళాలత్త గుమ్మంలో తాళంచెవులు చప్పుడు చేశాయి. టైలరు భార్య అందరికంటే ముందొచ్చి, చుట్టాలు వెళ్ళిపోయారంది, నిన్న చుట్టాల మాట చెప్పింది తను కాదని మర్చిపోయి. వడ్రంగి తన మేకు వదులైందని చూసి సుత్తితో రెండు దెబ్బలు కొట్టిపెట్టాడు.

అందరికంటే వెనగ్గా పాలావిడ వచ్చింది. తాళంచెవి చేతిలోనే తిప్పుతూ నిలబడింది.

"ఏమనుకోకు వదినా. నోరు జారాను."

"సరేలే. ఇటివ్వు."

పాలావిడకి ప్రాణం కుదుటపడింది. చెవి చేతిలో పెడుతూనే దగ్గరికి జరిగి, తాళాలత్త చెవి దగ్గరికి వంగింది.

"కొత్త పాస్‌వర్డు కూడా చెప్పేస్తాను వదినా. నీ దగ్గరైతే భద్రం. నాకెక్కడ గుర్తుంటుంది?"

తాళాలత్త మొహం పక్కకి తిప్పి, తాళంచెవి మేకుకి తగిలించింది.

"అది నీ తలలోనే పెట్టుకో. బోలెడంత చోటుంది."